ధవళేశ్వరం గేట్లు, వాట్సాప్ వీడియో, తొమ్మిదో తరగతి

ఆగస్టులో ఓ సోమవారం. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని పొద్దున్నే వార్తల్లో చెప్పారు. ఆ మాట వినగానే కోనసీమ లంకల్లో వాళ్లు పశువుల్ని గట్టు మీదకు తోలుకోవడం గురించి ఆలోచిస్తారు. మిగతావాళ్లం వాట్సాప్ తెరుస్తాం. నేను స్కూలుకి చేరేసరికి నాలుగు గ్రూపుల నుంచి ఒకే వీడియో వచ్చి ఉంది. ఎత్తైన ఆనకట్ట, ఊడిపోతున్న గేట్లు, ఎగిసిపడుతున్న నీళ్లు. కింద తెలుగులో రాత: "ధవళేశ్వరం గేట్లు కొట్టుకుపోయాయి. 50 లక్షల క్యూసెక్కులు వదిలారు. వెంటనే అందరికీ పంపండి."

తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టగానే అదే గోల. స్కూలుకి ఫోన్లు తేకూడదు కానీ పొద్దున్న ఇంట్లో అందరూ చూసే వచ్చారు. నేను చెప్పేది లెక్కలు. ఆ రోజు బహుపదుల పాఠం. దాన్ని పక్కన పెట్టి, ఆ వీడియోను గోడకున్న ఐఎఫ్‌పీ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) మీద వేశాను.

ఇది నిజమా, అబద్ధమా అని అడగలేదు. అడిగితే సగం మంది అవునంటారు, సగం మంది కాదంటారు, కథ అక్కడితో ఆగిపోతుంది. "ఇందులో మీకు ఏం కనిపిస్తోందో చెప్పండ్రా" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి ఒకడు, "మన బ్యారేజీ అంత ఎత్తుండదండి మాస్టారూ" అన్నాడు. వాడి పక్కవాడు అందుకున్నాడు: "మధ్యలో లంకలు కనిపించాలి కదండీ, ఇక్కడంతా ఒకటే గోడ." నిజమే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని మన కాటన్ బ్యారేజీ నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు, మొత్తం 175 గేట్లు. మూడో వరసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "నీళ్లు పచ్చగా ఉన్నాయండి. వరదొస్తే గోదారి ఎర్రగా ఉంటుంది." అంతసేపు చూసినా అది నా కంటికి ఆనలేదు.

అప్పుడు అంకె దగ్గరికి వచ్చాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరి సుమారు 10 లక్షల క్యూసెక్కులు దిగువకు పోతుంటే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు, అంటే 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులకు, 17 లక్షలకు మూడోది. ఇప్పటికీ పెద్దవాళ్లు కథలుగా చెప్పుకునే 1986 ఆగస్టు వరదలో 35 లక్షలు దాటింది. 2022 జులైలో మన ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు 26 లక్షలకు దగ్గరగా వచ్చింది. ఇవన్నీ బోర్డు మీద రాసి, పక్కనే 50 లక్షలు అని రాశాను. నేనేమీ అనక ముందే నవ్వులు మొదలయ్యాయి. "అంత వస్తే ఈ వీడియో తీసినోడు కూడా ఉండడండి" అన్నాడొకడు.

చివరికి ఫోన్ పని. వీడియోను ఒకచోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతికాం. మొదటి స్క్రీన్‌షాట్‌లో నీళ్లు తప్ప ఏమీ లేవు, దాంతో వచ్చినవన్నీ జలపాతాలు. "గేట్లు కనిపించేచోట ఆపండి మాస్టారూ" అన్నారు. ఆపాం. కొన్నేళ్ల కిందట వేరే దేశంలో తీసిన వీడియో అని అప్పుడు తేలింది. అంతా కలిపి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాల్లో ప్యానెల్, ఫోన్, ఇంటర్నెట్ చేసిన పని ఐదారు నిమిషాలది. మిగతాదంతా చూడటం, అడగడం, తెలిసినదానితో సరిపోల్చుకోవడం. డిజిటల్ లిటరసీ మీద ఎన్ని మీటింగుల్లో కూర్చున్నా ఈ లెక్క ఎవరి నోటా వినలేదు. అసలు ఆ మాట కింద మూడు వేరువేరు సంగతులు చిక్కుపడి ఉన్నాయి.

గుండె బొమ్మ గిరగిరా తిరుగుతూ కనిపించే వీడియో వేసి జీవశాస్త్రం చెప్పామనుకోండి. అది టెక్నాలజీతో పాఠం చెప్పడం. పిల్లలు నేర్చుకునేది గుండె గురించి. ఫైలు సేవ్ చేయడం, తెలుగులో టైపు చేయడం, పాస్‌వర్డ్ మార్చుకోవడం నేర్పితే అది పరికరం వాడటం నేర్పడం. వచ్చిన కబురు ఎక్కడిది, ఎవరు పుట్టించారు, నమ్మితే ఎవరికి లాభం, నా వివరాలు అడుగుతున్నది ఎవరు అని తేల్చుకోవడం మూడోది. మనం డబ్బంతా మొదటిదాని మీద ఖర్చు పెడుతున్నాం, రెండోది దానంతటదే వస్తుందనుకుంటున్నాం, మూడోది వచ్చేసిందని రిపోర్టు రాసుకుంటున్నాం.

పరికరాలు రాలేదనడానికి లేదు. సఖినేటిపల్లి దగ్గర మోరి గ్రామానికి 2016లోనే ఫైబర్‌నెట్ ఇచ్చి డిజిటల్ గ్రామం అన్నారు. 2017లో కేంద్రం ఆన్‌లైన్ పాఠాల దీక్షా పోర్టల్ తెచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2019 నవంబరు 14న బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. ఆ తర్వాత హైస్కూలు గదుల్లోకి ఐఎఫ్‌పీలు, చిన్న బడుల్లోకి స్మార్ట్ టీవీలు దిగాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. రాజకీయంగా ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా, మా చిన్నప్పుడు మ్యాపు తగిలించడానికి మేకు కూడా లేని గదుల్లో ఇవాళ ఇంత తెర ఉందంటే చిన్న విషయం కాదు.

అయితే ఆ తెర చాలాచోట్ల పెద్ద టీవీగా స్థిరపడిపోయింది. టీచర్‌కి బద్ధకం అనుకోకండి. మా ప్యానెల్‌కి ఇచ్చిన శిక్షణ ఒక్క పూట. వచ్చినతను ఆన్ చేయడం, పెన్ను రంగు మార్చడం, తెరను రెండుగా చీల్చడం చూపించి మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు. మిగిలింది వీడియో పెట్టడమే. వీడియో నడుస్తుంటే క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. నలభై మంది పిల్లల్లో ఒక్కడి వేలూ ఆ తెరకు తగలదు.

ట్యాబ్‌ల సంగతి ఇంకో తమాషా. పాఠాలు తప్ప ఇంకేమీ రాకుండా వాటికి తాళం వేసి ఇచ్చారు. కొద్ది వారాల్లోనే కొందరు కుర్రాళ్లు ఆ తాళం తీసేశారు. ఎక్కడ నేర్చుకున్నారు? యూట్యూబులో. తిట్టాల్సిన పనే, నేనూ తిట్టాను. కానీ ఇంటికెళ్లాక ఆలోచిస్తే, ఆ ఏడాది మొత్తంలో వాళ్లు సొంతంగా వెతికి, ప్రయత్నించి, తప్పు చేసి, మళ్లీ ప్రయత్నించి సాధించిన ఏకైక సాంకేతిక పని అదే. ఆ తాళం తీసే క్రమంలో ఎవరో చెప్పిన ఫైలును ఎక్కడి నుంచో దించి ఎక్కించుకున్నారు. అందులో ఏముందో ఒక్కడూ చూసుకోలేదు. నైపుణ్యం ఉంది, అనుమానం లేదు. మూడు సంగతులనూ విడదీసి చూడాలి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇది మన ఒక్కళ్ల అనుభవం కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశం ‘ప్రతి పిల్లవాడికీ ఒక లాప్‌టాప్’ పథకం కింద 8 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు కొంది. పరిశోధకులు అక్కడి 319 గ్రామీణ బడులను పోల్చి చూసి 2012లో ఫలితాలు చెప్పారు. లాప్‌టాప్‌లు అందిన బడుల్లో పిల్లవాడికి ఒకటికి మించి కంప్యూటర్లు ఉన్నాయి, అందనిచోట సుమారు ఎనిమిదిమందికి ఒకటి. అయినా లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. లాప్‌టాప్ నడపడం మాత్రం బాగా వచ్చింది. ఏది ఇస్తే అది వస్తుంది, ఇవ్వనిది రాదు.

పిల్లలు ఫోన్‌తోనే పుట్టారండీ, మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు అని తల్లిదండ్రులు నాతో గర్వంగా చెబుతుంటారు. పల్లెల్లో పిల్లల చదువుల మీద జరిగే సర్వే అసర్. 2025 జనవరిలో వచ్చిన దాని నివేదిక చూడండి. దేశంలోని గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 89 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, 82 శాతం మందికి వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో రిపోర్ట్ చేయడమో తెలిసినవాళ్లు 62 శాతం. తమ ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం. మిగతా 45 శాతం మంది వీధిగుమ్మం తలుపు తీసి పడుకుంటున్నారన్నమాట.

అమెరికాలోనూ ఇంతే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో 3,446 మంది హైస్కూలు విద్యార్థులకు ఒక మసక వీడియో చూపించారు. అమెరికా ఎన్నికల్లో రిగ్గింగ్ జరుగుతోందని దాని కింద రాత. నిజానికి అది రష్యాలో తీసింది. సగానికి పైగా పిల్లలు అమెరికాలోదే అని నమ్మారు. చేతిలో ఇంటర్నెట్ ఉండి కూడా, వెతికి అసలు మూలం పట్టుకున్నవాళ్లు ముగ్గురు. మూడు శాతం కాదు, ముగ్గురు మనుషులు. గోదావరి వరదలో నీళ్లు ఏ రంగులో ఉంటాయో తెలిసిన మా అమ్మాయి వాళ్లకన్నా నయం అని నేను అనుకోవడంలో కొంత స్వపక్షపాతం ఉందనుకోండి.

మరి ఒకే ఒక్క ప్యానెల్, నలభై మంది పిల్లలు, నా ఫోన్ హాట్‌స్పాట్. వీటితో ఏం చేయొచ్చు? నేను పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. ఒకరు ప్యానెల్ దగ్గర నిలబడతారు. వాళ్లు సొంతంగా ఏమీ చేయకూడదు. కూర్చున్నవాళ్లు ఏం చెబితే అదే నొక్కాలి, తప్పైనా సరే. చెప్పేవాళ్లు ‘అది నొక్కు, ఇది నొక్కు’ అంటే కుదరదు, ఏది ఎందుకో పేరు పెట్టి చెప్పాలి. మొదట్లో గోలగోలగా ఉంటుంది. నాలుగో వారానికి వెనక బెంచీలు ముందుకు జరుగుతాయి. నిలబడే వంతు ముందు అమ్మాయిలకు ఇస్తాను, దానికి కారణం కింద చెబుతాను.

వెబ్‌సైట్ అడ్రసు చదవడం ఇలాగే నేర్పాను. పదో తరగతి ఫలితాలొచ్చే రోజు మీకు తెలుసు కదా, అందరికీ టెన్షన్. ఆ టెన్షన్‌లో ‘రిజల్ట్ ముందుగా చూసుకోండి’ అంటూ ఏ లింకు వస్తే అది నొక్కేస్తారు, హాల్ టికెట్ నంబరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు అన్నీ ఇచ్చేస్తారు. ప్రభుత్వ వెబ్‌సైట్ అయితే పేరు చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉండాలి అని నేను రెండు మూడేళ్లు చెబుతూ వచ్చాను. లాభం లేకపోయింది. అడ్రసులో ఎక్కడో ఒకచోట ‘గవ్’ అన్న అక్షరాలు కనబడితే చాలు, పిల్లలు నమ్మేవారు. మోసం చేసేవాడికీ అది తెలుసు. ‘ఏపీ-గవ్-రిజల్ట్స్’ అని పెట్టి చివర ఇంకేదో తగిలిస్తాడు.

ఒక రోజు గన్నవరం గుర్తొచ్చింది. విమానం దిగిన చుట్టం ఫోన్ చేసి ‘గన్నవరంలో ఉన్నాను’ అంటే, కోనసీమ వాడు అక్విడక్టు (నది మీదుగా కాలువ పోయే వంతెన) ఉన్న పి.గన్నవరం అనుకుని బండి తీస్తే ఏమవుతుంది? చుట్టం కృష్ణా జిల్లాలో, బండి కోనసీమలో. ఊరి పేరు రెండుచోట్లా ఉండొచ్చు. ఏ గన్నవరమో తేల్చేది ఉత్తరం మీద చివర రాసే జిల్లా. వెబ్‌సైట్ అడ్రసు కూడా అంతే. మొదట్లో ఉండే ‘https://’ వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (/) వచ్చేదాకా ఉన్న భాగం తీసుకుని, కుడి నుంచి ఎడమకు చదవాలి. కుడివైపు చివర జిల్లా, దానికి ముందు మండలం, ఆపైన ఊరు. ‘బీఎస్‌ఈ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అంటే ఇండియాలో, ప్రభుత్వంలో, ఆంధ్రప్రదేశ్‌లో, పరీక్షల బోర్డు. ఎడమవైపు పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. చివరి ‘గవ్ డాట్ ఇన్’ మాత్రం ప్రభుత్వం ఇస్తేనే వస్తుంది. ఆ రోజు ఇరవై అడ్రసులు బోర్డు మీద రాసి చదివించాను. ఇంటర్నెట్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. సుద్దముక్క చాలింది.

దీని తర్వాతి మెట్టు కొంచెం కష్టం. ఒక పేజీని నమ్మాలా వద్దా అని తేల్చడానికి ఆ పేజీనే పైనుంచి కిందకు శ్రద్ధగా చదవడం మనకు అలవాటైన పద్ధతి. బళ్లో నేర్పేదీ అదే. స్టాన్‌ఫర్డ్ వాళ్లే ఇంకో పరిశోధనలో చరిత్ర ప్రొఫెసర్లనూ, వార్తల్లో నిజానిజాలు తేల్చే వృత్తిలో ఉన్నవాళ్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి చూశారు. ప్రొఫెసర్లు పేజీలోనే ఉండి చదువుతూ బోల్తా పడ్డారు. రెండోవాళ్లు పేజీ తెరిచిన కాసేపటికే అందులోంచి బయటికి వచ్చి, ఇది ఎవరిదని వేరేచోట వెతికారు. పెళ్లి సంబంధం వస్తే మనం చేసేది ఇదే కదా. అబ్బాయి గురించి అబ్బాయినే అడగం. వాళ్ల వీధిలో వాకబు చేస్తాం.

మా పిల్లలకు దీన్ని కొబ్బరి తెల్లదోమతో నేర్పాను. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట కనబడింది 2016లో, తమిళనాడులోని పొల్లాచ్చిలో. ఆ తర్వాత గోదావరి తోటల్లోకి దిగింది. ఆకు అడుగున తెల్లగా బూజులా పట్టడం, కింది ఆకుల మీద నల్లటి మసి పేరుకోవడం చూడని ఇల్లు మా దగ్గర లేదు. ‘కొబ్బరి తెల్లదోమ నివారణ’ అని తెలుగులో వెతకమన్నాను. పైన వచ్చిన వీడియోలో ఒకాయన తోటలో నిలబడి చాలా బాగా మాట్లాడాడు. ఒక డబ్బా మందు కొడితే వారంలో పోతుందన్నాడు. నచ్చిందా అంటే అందరూ నచ్చిందన్నారు. ఇప్పుడు వీడియో వదిలేసి ఆయన గురించి వాకబు చేయండి అన్నాను. ఛానెల్ పేజీకి వెళ్తే ఆ డబ్బా అమ్మేది ఆయనే. కింద ఫోన్ నంబరు, ధర కూడా ఉన్నాయి. అంతమాత్రాన మందు పనిచేయదని కాదు, చెప్పేవాడికి అందులో లాభం ఉందని తెలిసిందంతే. తర్వాత అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఏం చెబుతోందో వెతికారు. వాళ్లు చెప్పేది మెల్లగా సాగే మార్గం: తెల్లదోమను తినే మిత్రపురుగులను వదలడం, ఇసారియా అనే శిలీంధ్రాన్ని చల్లడం, మిత్రపురుగులు చచ్చిపోయేలా రసాయన మందులు ఎడాపెడా కొట్టకపోవడం. ఒక కుర్రాడు లేచి, "మా నాన్న ఆ డబ్బా తెచ్చారండి" అన్నాడు. క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ డబ్బా మా ఇంట్లో కూడా ఉంది.

తెలుగులో వెతికితే అమ్మేవాళ్ల వీడియోలు ఎక్కువగా రావడం, ఇంగ్లిష్‌లో వెతికితే పరిశోధన కేంద్రాల పేజీలు పైకి రావడం పిల్లలే గమనించారు. అందుకే రెండు భాషల్లోనూ వెతకమంటాను. మైకు నొక్కి మాట్లాడి వెతికే పిల్లలకు ఇది పట్టదు. నోటితో అడిగినప్పుడు మాటలు ఎంచుకోవడం ఉండదు, కబుర్లు చెప్పినట్టు అడిగేస్తారు. టైపు చేయడం నేర్పాలని నేను పట్టుబట్టేది వేగం కోసం కాదు. నాలుగు మాటల్లో అడగాలంటే ఏ నాలుగో ఆలోచించాలి, అందుకు.

లెక్కల మాస్టారిని కాబట్టి గ్రాఫుల మోసం చెప్పకుండా ఉండలేను. అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కొబ్బరికాయల ధర నాలుగు వారాలది రాసుకు రమ్మని, స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, ఒకే అంకెలతో రెండు గ్రాఫులు గీయించాను. ఒకదాంట్లో నిలువు గీత సున్నా నుంచి మొదలు, ఇంకోదాంట్లో ధరకు కొంచెం కింద నుంచి. మొదటిదాంట్లో గీత పడుకుని ఉంది, రెండోదాంట్లో కొండ మీద నుంచి దూకింది. చెరువులున్న ఇళ్ల పిల్లలు వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధరతో మళ్లీ వాళ్లంతట వాళ్లే చేసుకొచ్చారు.

యూపీఐకి పాఠం అక్కర్లేదు, నాటకం చాలు. ఒకడు కొనేవాడు, ఒకడు అమ్మేవాడు, ఒకడు మోసగాడు. డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఈ ఒక్క ముక్క ఇంట్లో అమ్మమ్మకు కూడా చెప్పి రమ్మంటాను. చలానా పేరుతోనో పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కకూడదని, పొరపాటున డబ్బు పోతే గంటల్లోపే 1930కి ఫోన్ చేయాలని కూడా.

కృత్రిమ మేధ గురించి అడగకుండా ఈ మధ్య ఏ మీటింగూ ముగియడం లేదు. మా పిల్లలకు అది వాట్సాప్‌లో గుండ్రటి రింగులా ఎప్పుడో దొరికేసింది. హోంవర్కు వ్యాసాలన్నీ ఒకే నోటితో మాట్లాడటం మొదలయ్యాక నాకు తెలిసింది. వద్దంటే దొంగచాటుగా వాడతారు. అందుకని నేనే క్లాసులో తెరిచి, ‘మా ఊరి గురించి పది వాక్యాలు రాయి’ అని అడిగించాను. రాసింది ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పిల్లల చేతికిచ్చి దిద్దమన్నాను. లేని కోట ఉందంది, ఉన్న కాలువను మర్చిపోయింది, ఊరి గుడిలో దేవుణ్ణి మార్చేసింది. పదికి మూడు మార్కులు వేశారు. మర్నాడు కాటన్ దొర ఆనకట్ట గురించి అడిగించాను. 1847లో మొదలై 1852లో పూర్తయిందని సరిగ్గానే చెప్పింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, తెలిసింది చెప్పినప్పుడూ తెలియనిది కల్పించినప్పుడూ దాని గొంతు ఒకటే. ఎక్కడా తడబాటు లేదు. అది చదివిన కోట్ల పేజీలను బట్టి తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో పేర్చుకుంటూ పోతుంది. కాటన్ దొర గురించి లోకంలో బోలెడు రాత ఉంది, మా ఊరి గురించి లేదు. లేనిచోట ఆంధ్రాలో ఏ ఊరికైనా సరిపోయే మాటలతో నింపేసింది. తనకు బాగా తెలిసిన విషయం మీద పిల్లవాడు ఒక్కసారి దాన్ని పట్టుకుంటే, తనకు తెలియని విషయం మీద అది చెప్పేదాన్ని కూడా కొంచెం తేరిపార చూస్తాడు. నాకు కావలసింది ఆ చూపే.

ఇక అమ్మాయిల సంగతి. అసర్ లెక్కల్లోనే, ఫోన్ వాడటం వచ్చిన 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. మా ఊళ్లో కారణం అందరికీ తెలిసిందే. ఎవడో ఫొటో మార్చి పెట్టాడని తెలిస్తే ఇంట్లో మొదట చేసే పని అమ్మాయి దగ్గర ఫోన్ లాక్కోవడం. తప్పు చేసినవాడి ఫోన్ వాడి దగ్గరే ఉంటుంది. ఆ భయంతో అమ్మాయిలు జరిగింది ఇంట్లో చెప్పరు. అందుకే పేరెంట్స్ మీటింగులో నేను మార్కుల కన్నా ముందు ఈ మాట ఎత్తుతాను: మీ అమ్మాయి వచ్చి చెప్పిన రోజు ఫోన్ లాక్కోకండి, స్క్రీన్‌షాట్ తీసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, అవసరమైతే నన్ను తోడు రమ్మనండి. బళ్లో ఆ తెర ముందు నిలబడే వంతు ముందుగా అమ్మాయిలకు ఇచ్చేది కూడా ఇందుకే. కొందరికి రోజు మొత్తంలో తమ చేత్తో ఇంటర్నెట్ తాకేది అక్కడే.

ఇవన్నీ రాసి, టీచర్లు చేయడం లేదని అనేస్తే అన్యాయం. మా చేతిలో ఉన్న ఫోన్‌తో ముందు హాజరు పెట్టాలి, భోజనం ఫొటో పెట్టాలి. 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో కూడా పెట్టాల్సి వచ్చేది. సిగ్నల్ కోసం గేటు దాకా నడవాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో డిజిటల్ లిటరసీకి పేపరు లేదు. పేపరు లేని సబ్జెక్టుకు పీరియడ్ ఉండదు, అది మన దేశాచారం. కేరళ ఈ పనిని వేరేలా చేసింది. 2001 ప్రాంతంలో బళ్లలో కంప్యూటర్ చదువు కోసం ఐటీ@స్కూల్ మొదలుపెట్టినప్పటి నుంచి టీచర్ల శిక్షణను వదల్లేదు. డబ్బు కట్టక్కర్లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడింది, ఐటీని పదో తరగతి పరీక్షలోకి తెచ్చింది. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో పిల్లలతోనే బళ్లలో ఐటీ క్లబ్బులు పెట్టించింది. 2022లో నకిలీ వార్తలు గుర్తుపట్టడం మీద 19 లక్షల మందికి పైగా విద్యార్థులకు తరగతులు చెప్పించింది. రెండు దశాబ్దాల్లో ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి, టీచరు చేతిలో పని మారలేదు. మన దగ్గర ప్రభుత్వం మారితే యాప్ మారుతుంది, పాస్‌వర్డ్ మారుతుంది, పాత సామాను స్టోర్ రూములోకి పోతుంది.

వరద వీడియో చూసిన ఆ తొమ్మిదో తరగతి ఇప్పుడు పదిలో ఉంది. మొన్న మళ్లీ గోదావరి పెరిగింది, మళ్లీ గేట్ల వీడియో తిరిగింది. ఈసారి రాతలో 60 లక్షల క్యూసెక్కులు. మా వాడొకడికి రాత్రి కువైట్ నుంచి వాళ్లమ్మ ఇమోలో కాల్ చేసింది. అక్కడ మన ఊరోళ్ల గ్రూపులో చూసిందట, ఒకటే ఏడుపు. "అమ్మమ్మను తీసుకుని గట్టు మీదకు వెళ్లిపోరా నాన్నా" అంటోంది. వాడు ఏం చేశాడో పొద్దున్న వచ్చి నాకు చెప్పాడు. వీడియో ఎవరు పంపారని అడిగాడు, ప్రభుత్వం వరద వివరాలు పెట్టే పేజీ తెరిచి ధవళేశ్వరం మట్టం చూశాడు, "తొమ్మిది అడుగులే ఉందమ్మా, మొదటి హెచ్చరిక కూడా రాలేదు" అని ఆమెకు మెసేజ్ పెట్టాడు. ఆమె దాన్ని వాళ్ల గ్రూపులో పెట్టింది. అక్కడి నుంచి ఎన్ని గ్రూపులకు పోయిందో.

"బాగా చేశావురా" అన్నాను. "మరి తొమ్మిది అడుగులు ఏ రోజు, ఎన్ని గంటలకో రాశావా?"

వాడు కాసేపు నా మొహంలోకి చూశాడు. "లేదండి."

భద్రాచలం నీళ్లు ధవళేశ్వరం చేరడానికి అటూ ఇటుగా ఒక రోజు పడుతుంది. అప్పటికి భద్రాచలంలో ఇంకా పెరుగుతోంది. వాడు నా ఫోన్ అడిగి తీసుకుని, స్టాఫ్ రూము బయట నిలబడి, వాళ్లమ్మకు మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టాడు.